నలభై మూడు పదాల్లో ప్లూటో

1868 ఆగస్టు 18 ఉదయం గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ దూరదర్శిని బిగించుకుని సూర్యుడి వైపు చూస్తున్నాడు. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ అదే పనిలో ఉన్నాడు. ఆ వేధశాలలోనే పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో కాచుకుని ఉన్నాడు. అప్పటికి గుంటూరుకు విడిగా జిల్లా లేదు, అది కృష్ణా జిల్లాలోని ఊరు. ప్రపంచంలో ఇన్ని ఊళ్లుండగా ఫ్రాన్స్ నుంచి ఓడెక్కి ఒక మనిషి ఇంత దూరం ఎందుకొచ్చాడంటే, ఆ రోజు చంద్రుడి నీడ ఈ నేల మీదుగానే పోతుందని లెక్క చెప్పింది. లెక్క తప్పలేదు, నీడ వచ్చింది. సూర్యుడి అంచున ఎగిసిపడే జ్వాలల కాంతిని జాన్సెన్ వర్ణపటంలో విడదీసి చూశాడు. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూడగలిగాడు. హీలియం కథ ఈ గ్రహణం దగ్గరే మొదలవుతుంది.

జాన్సెన్ పేరు పుస్తకాల్లో ఉంది. ఆయన్ని గుంటూరు దాకా నడిపించిన లెక్క గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. అప్పట్లో చంద్రుడి స్థానానికి ప్రమాణం 1857లో పీటర్ హాన్సెన్ అచ్చువేసిన పట్టికలు. చంద్రుణ్ని భూమి ఒక్కటే లాగితే లెక్క సులువయ్యేది. సూర్యుడూ లాగుతాడు, మిగతా గ్రహాలూ కొంచెం కొంచెం లాగుతాయి. దాంతో చంద్రుడు తన సగటు దారి మీద ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు ఊగుతూ నడుస్తాడు. ఆ ఊగిసలాటలను విడదీసి, ఒక్కొక్కదానికి ఒక సైన్ పదం రాసి, అన్నింటినీ కూడితే చంద్రుడు ఆకాశంలో ఎక్కడున్నాడో తెలుస్తుంది. గణితంలో దీన్ని ఆవర్తన శ్రేణి అంటారు. ప్రతి పదానికీ రెండు లక్షణాలుంటాయి: ఎంత ఊపు, ఎన్నాళ్లకోసారి.

చిక్కేమిటంటే ఈ పదాలకు అంతు లేదు. 1980లలో ఫ్రాన్స్‌లో తయారైన చంద్ర సిద్ధాంతంలో 20 వేలకు పైగా పదాలున్నాయి. అన్నీ వేస్తేనే తప్ప చంద్రుడు దొరకడా? దొరుకుతాడు. బెల్జియం గణకుడు జాన్ మేయుస్ ఆ మహాశ్రేణి లోంచి పెద్ద పదాలు ఏరి, భోగానికి (సూర్యుడు నడిచే దారి వెంబడి కొలిచే కోణానికి) దాదాపు 60 పదాలు మాత్రమే ఉంచి, మిగతావి తెంచేశాడు. పోయిన ఖచ్చితత్వం 10 వికలలు. పంచాంగం చూసేవాళ్లకు ఈ మాట కొత్త కాదు: భాగ అంటే డిగ్రీ, అందులో అరవయ్యో వంతు కల, కలలో అరవయ్యో వంతు వికల. చంద్రుడి దూరంలో 10 వికలలంటే సుమారు 19 కిలోమీటర్లు. విజయవాడలో బయల్దేరి మంగళగిరి దాటి ఇంకొంచెం పోయినంత. తిథి చూసుకోవడానికి అది లెక్కలోకి రాదు. గ్రహణం నీడ అంచు ఏ ఊరి మీదుగా పోతుందో చెప్పాలంటే మాత్రం ఆ 19 కిలోమీటర్లే అసలు సంగతి. ఎన్ని పదాలు ఉంచాలన్నది చంద్రుణ్నిబట్టి తేలేది కాదు. ఆ లెక్కతో మనకున్న అవసరాన్నిబట్టి తేలుతుంది.

ఈ తెంపు కృష్ణా తీరానికి కొత్తదేమీ కాదు. ఉగాది ముందు విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో వరసగా పేర్చి ఉండే పంచాంగాలన్నీ ఇలాంటి శ్రేణుల మీదే నడుస్తాయి. సిద్ధాంతి ముందు అహర్గణం కడతాడు. అంటే ఒక మూలదినం నుంచి ఈ రోజుకు ఎన్ని రోజులయ్యాయో లెక్కపెడతాడు. దాన్నిబట్టి సగటు వేగంతో నడిచే మధ్యమ చంద్రుణ్ని తెస్తాడు. దానికి మందఫలం అనే సంస్కారం కలిపితేనో తీసేస్తేనో స్ఫుట చంద్రుడు వస్తాడు. మధ్యమం, సంస్కారం, స్ఫుటం. ఈనాటి కంప్యూటరు చేసే పని కూడా ఇదే వరసలో సాగుతుంది.

సూర్యసిద్ధాంతం చంద్రుడికి ఇచ్చిన మందఫలం గరిష్ఠంగా 5 భాగలు, మరో రెండు కలలు. అంటే ఒకే ఒక్క పదం. ఆధునిక శ్రేణి తెరిచి చూస్తే మొదటి పదం 6.29 భాగలుంటుంది. అంత పెద్ద పొరపాటు పూర్వులు చేశారా? చేయలేదు. శ్రేణిలో రెండో పదం కూడా ఉంది, దాని ఊపు 1.27 భాగలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ రెండో పదం మొదటిదానికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది. 6.29లోంచి 1.27 తీసేస్తే 5.02. పూర్వులు చంద్రుణ్ని గట్టిగా సరిచూసుకున్నది గ్రహణాలతో. గ్రహణాలు వచ్చేది అమావాస్యకు, పౌర్ణమికే. ఆ రెండు రోజులకూ ఆ ఒక్క పదమే రెండింటి పనీ చేసిపెట్టింది. ఒక్క పదంతో గ్రహణం పట్టుకోవడం చిన్న విద్య కాదు.

అష్టమి దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. అక్కడ రెండో పదం మొదటిదానికి తోడవుతుంది, మొత్తం 7.56 భాగలు అవుతుంది. పాత లెక్క 5 దగ్గరే ఆగిపోతుంది. రెండున్నర భాగల తేడా అంటే తిథిలో దాదాపు 5 గంటలు. పూర్వపద్ధతి పంచాంగం, ఆకాశంలో కనిపించేదానితో సరిచూసి కట్టే దృక్సిద్ధ పంచాంగం పౌర్ణమి దగ్గర ఇంచుమించు ఒకే మాట చెప్పి, అష్టమి దగ్గర వేరే వేళలు చెప్పడానికి ముఖ్య కారణం ఇదే. పండుగ ఏ రోజని ఊళ్లో నడిచే వాదం వెనక ఉన్నది ఒక తెగిపోయిన పదం. ఆ పదం మన దేశంలో ఎవరికీ తట్టలేదనుకోవద్దు. పదో శతాబ్దంలో ముంజాలుడు చంద్రుడికి రెండో సంస్కారం చెప్పాడు. ఒడిశాలోని ఖండపడాలో సామంత చంద్రశేఖరుడు దూరదర్శిని లేకుండా, స్వయంగా చేసుకున్న పరికరాలతో చూసి మరిన్ని సంస్కారాలు పట్టుకున్నాడు. ఆయన సిద్ధాంతదర్పణం 1899లో అచ్చయింది. వనపర్తిలో గ్రహణం కోసం నిలబడిన రఘునాథాచారి కూడా దృగ్గణిత పంచాంగం కోసం పట్టుబట్టిన మనిషే.

ఇక ప్లూటో దగ్గరికి వద్దాం. అది పంచాంగంలో ఉండదు. నవగ్రహాల్లో దానికి చోటు లేదు. 2006 ఆగస్టు 24 నుంచి అంతర్జాతీయ ఖగోళ సంఘం జాబితాలో అది గ్రహమూ కాదు, మరుగుజ్జు గ్రహం. కంటికి కనపడదు, ఓ మోస్తరు దూరదర్శినికి కూడా చిక్కదు. అయినా దాన్ని వెతకాలనుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లకు కావలసింది ఒక్కటే: ఈ రాత్రి అది ఎక్కడుంది?

పెద్ద గ్రహాలకైతే సరుకు సిద్ధంగా ఉంది. 1987లో బ్రెటాన్యోఁ, ఫ్రాంకూ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు బుధుడి నుంచి నెప్ట్యూన్ దాకా ఎనిమిదింటికీ శ్రేణులు కట్టి ఇచ్చారు. అందులో ప్లూటో లేదు. దాని కక్ష్య మిగతావాటి తీరులో ఉండదు. ఒక చుట్టుకు 248 ఏళ్లు. కక్ష్య 17 భాగలు వాలి ఉంటుంది. కోడిగుడ్డులా సాగి ఉంటుంది. ఎంత సాగి ఉందంటే 1979 నుంచి 1999 దాకా ప్లూటో నెప్ట్యూన్ కన్నా సూర్యుడికి దగ్గరగా ఉంది. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగే లోపు ఇది సరిగ్గా రెండు తిరుగుతుంది, అందుకే రెండూ ఎప్పుడూ ఢీకొనవు. ఇలాంటి కక్ష్యకు మామూలు పద్ధతిలో శ్రేణి కట్టబోతే పదాలు తరగకుండా పెరుగుతూ పోతాయి.

1986లో ఎడ్విన్ గాఫిన్, జాన్ మేయుస్, క్రిస్ స్టెయార్ట్ అనే ముగ్గురు బెల్జియం వాళ్లు వేరే దారి పట్టారు. గురుత్వాకర్షణ సూత్రాల మీద కంప్యూటరు అడుగడుగునా కట్టుకొచ్చిన ప్లూటో మార్గాన్ని ముందు పెట్టుకున్నారు. ఆ మార్గానికి అతుక్కునేలా సైన్లు, కొసైన్లు సర్దారు. చివరికి 43 పదాలు తేలాయి. అందులో తిరిగే కోణాలు మూడే: గురుడిది, శనిది, ప్లూటోది. యురేనస్, నెప్ట్యూన్ పేర్లే కనిపించవు. వాటి లాగుడు లేక కాదు. అవి నెమ్మదిగా తిరిగేవి కాబట్టి రెండు శతాబ్దాల ముక్కలో వాటి ప్రభావం ప్లూటో కోణపు పదాల్లోనే కలిసిపోతుంది. గురుడి సంగతి ఇంకా విచిత్రం. ప్లూటో స్థానాన్ని సూర్యుడి నుంచి కొలుస్తాం. ఆ సూర్యుణ్నే గురుడు సుమారు 7.4 లక్షల కిలోమీటర్లు అటూ ఇటూ లాగుతుంటాడు. కొలబద్ద మొదలే ఊగుతుంటే ఆ ఊపు కూడా కొలతలోకి వచ్చి చేరుతుంది.

ఒక్క రోజుకు ఈ లెక్క వేసి చూస్తే విషయం చేతికి చిక్కుతుంది. 1930 ఫిబ్రవరి 18 తీసుకుందాం. ఆ రోజు అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో, లోవెల్ వేధశాలలో 24 ఏళ్ల క్లైడ్ టాంబా అనే రైతుబిడ్డ జనవరి 23న, 29న తీసిన రెండు ఫోటో పలకలను మార్చి మార్చి చూస్తూ, చుక్కల మధ్య జరిగిన ఒక చిన్న చుక్కను పట్టుకున్నాడు. అదే ప్లూటో.

ముందు అహర్గణం. 2000 జనవరి 1 మధ్యాహ్నం మూలదినం. అక్కడి నుంచి వెనక్కి 25,519.5 రోజులు, శతాబ్దాల్లో చెబితే 0.698686. ప్లూటో సగటున శతాబ్దానికి 144.96 భాగలు నడుస్తుంది. ఆ లెక్కన వెనక్కి వస్తే మధ్యమ ప్లూటో 137.68 భాగల దగ్గర ఉంటుంది. ఇక సంస్కారాలు. మొదటి పదం ఒక్కటే 28 భాగలు వెనక్కి లాగుతుంది, 109.67 అవుతుంది. చంద్రుడికి అయిదు, సూర్యుడికి రెండు భాగలుండే మందఫలం ప్లూటో దగ్గర ఇరవై ఎనిమిది! కక్ష్య ఎంత సాగి ఉందో ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది. రెండో పదం వేస్తే 108.31కి దిగుతుంది. మూడోది మళ్లీ 109.53కి ఎక్కిస్తుంది. నాలుగోదానితో 109.78, అయిదోదానితో 109.68, ఆరోదానితో 109.64. అక్కడి నుంచి శని కోణంతో కూడిన పదాలు వచ్చి 109.66కి చేరుస్తాయి. మిగిలిన బుల్లి పదాలు ఆ చుట్టుపక్కలే తచ్చాడతాయి.

బావి గిలక మీద చేద ఊగి ఊగి నిలకడకు వచ్చినట్టు ఉంటుంది ఈ వరస. మొదటి ఊపు 28, ఆరోది భాగలో ఇరవయ్యో వంతు కూడా లేదు. పున్నమి చంద్రుడి వెడల్పు అర భాగ. అంటే ఆరు పదాలకే ప్లూటో చంద్రబింబంలో పాతికో వంతు తేడాకు దొరికిపోయింది. మన అలవాటు ప్రకారం అయనాంశ, అంటే విషువత్తు జరిగినంత కోణం, తీసేస్తే 85.8 భాగలు వస్తుంది: మిథున రాశి, పునర్వసు రెండో పాదం. టాంబా పలకల మీద ఆ చుక్క దొరికింది మిథున తారామండలంలోనే. ఎక్కడో అరిజోనాలో తీసిన ఫోటోకు, పంచాంగం భాషకు ఇంత సులువుగా లంకె కుదరడం ముచ్చటగా ఉంటుంది.

43 పదాలూ వేస్తే భోగంలో తప్పు 0.07 వికలకు మించదు. 30 ఖగోళ ప్రమాణాల దూరంలో, అంటే సుమారు 450 కోట్ల కిలోమీటర్ల అవతల, 0.07 వికల అంటే దాదాపు 1,500 కిలోమీటర్లు. ప్లూటో అడ్డుకొలతే 2,377 కిలోమీటర్లు. ఒక పేజీలో పట్టే అంకెల పట్టిక ప్లూటోను దాని ఒళ్లంత తేడా కూడా రాకుండా చూపిస్తోంది. దూరదర్శిని తిప్పుకునేవాడికి అంతకన్నా అక్కర్లేదు. అదే, 2015 జూలై 14న ప్లూటో ఉపరితలానికి 12,500 కిలోమీటర్ల ఎత్తున దూసుకుపోయిన న్యూ హొరైజన్స్ నౌకకు 1,500 కిలోమీటర్ల తేడా అంటే కెమెరా ఖాళీ ఆకాశాన్ని ఫోటో తీసి రావడమే. అందుకే ఆ నౌకను నడిపినవాళ్లు ఇలాంటి కుదింపు సూత్రాల మీద ఆధారపడలేదు. పూర్తి గణనతో పాటు, దగ్గరికి పోతున్నకొద్దీ నౌక తీసిన ఫోటోలతో దారి సరిచూసుకుంటూ వెళ్లారు.

ఈ సూత్రానికి రెండో హద్దు కూడా ఉంది. అసలు మాట అదే. ఇది 1885 నుంచి 2099 వరకే చెల్లుతుంది. మొత్తం 214 ఏళ్లు, ప్లూటో ఒక్క చుట్టు కూడా కాదు. చేసినవాళ్లు ఆ మాట సూత్రం పక్కనే స్పష్టంగా రాశారు. శ్రేణిని ఆ ముక్కకు కొలిచి కుట్టారు. దర్జీ ఒక మనిషికి కొలత తీసి కుట్టిన చొక్కా ఇంకొకరికి పట్టనట్టే, ఆ ముక్క దాటగానే పదాలు అదుపు తప్పుతాయి. అందులో ప్రతి పదానికీ ప్రకృతిలో ఒక కారణం వెతకడం కూడా కుదరదు. శని పేరుతో ఉన్న పదమంతా శని లాగుడే అనుకోకూడదు. అతుకు సరిగ్గా కుదరడానికి గణితం ఆ కోణాన్ని వాడుకుందంతే.

సర్దిన పదాలకూ, ప్రకృతి నుంచి వచ్చిన పదాలకూ ఉన్న తేడా తెలియాలంటే హంసలదీవి దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసే చోట నిలబడి పోటూ పాటూ చూడాలి. ఆటుపోట్ల లెక్క కూడా ఆవర్తన శ్రేణే. చంద్రుడి వల్ల 12 గంటల 25 నిమిషాలకోసారి, సూర్యుడి వల్ల సరిగ్గా 12 గంటలకోసారి, ఇంకా రోజుకోసారి వచ్చే ఊపులు, అన్నీ కూడితే నీటిమట్టం. 1879లో భారత రేవుల కోసం లండన్‌లో కప్పీలు, తాళ్లతో తయారుచేసిన పోటు యంత్రం మొదట 20 పదాలు కూడేది, తర్వాత దాన్ని 24కు పెంచారు. ఆ పదాల కాలాలు ఊహించి సర్దినవి కావు. సూర్యచంద్రుల నడక నుంచి వచ్చినవి. కాబట్టి వందేళ్ల తర్వాత కూడా ఆ కాలాలు మారవు. మారేది రేవు. మొగ పూడినా, ఇసుక మేట వేసినా ప్రతి ఊపు ఎత్తూ మారుతుంది, దాన్ని మళ్లీ కొలవాల్సిందే. అక్కడ కాలాలు నిలకడ, ఎత్తులు మారతాయి. ప్లూటో సూత్రంలో మొత్తం సర్దుబాటే.

హద్దు చెప్పని లెక్క ఎలా మోసం చేస్తుందో ప్లూటో చరిత్రలోనే ఉంది. యురేనస్ నడకలో కనిపించిన చిన్న తేడాలకు నెప్ట్యూన్ అవతల ఒక పెద్ద గ్రహం కారణమని పెర్సివల్ లోవెల్ 1915లో లెక్కగట్టాడు. టాంబాకు ప్లూటో దొరికింది ఆయన చెప్పిన చోటుకు ఆరు భాగల దూరంలోనే. లెక్క ఫలించిందని అందరూ అనుకున్నారు. 1978లో ప్లూటో చందమామ షారాన్ బయటపడ్డాక దాని బరువు తేలింది, భూమిలో దాదాపు 500వ వంతు. యురేనస్‌ను అది కదిలించలేదు. లోవెల్ పట్టుకున్న తేడాలు పాత పరిశీలనల్లోని పొరపాట్లు, ప్లూటో అక్కడ ఉండటం కాకతాళీయం. జవాబు సరిపోయినంత మాత్రాన లెక్క సరైనదని కాదు. 43 పదాల సూత్రం లోవెల్ లెక్క కన్నా చిన్న ఆశయంతో పుట్టింది. అయినా అదే నమ్మదగింది, ఎందుకంటే ఎంత తప్పుతుందో, ఎన్నాళ్లు పనికొస్తుందో తనే చెబుతుంది.

మన పంచాంగాల్లో కూడా ఆ ఒక్క మాట అచ్చయితే బాగుంటుంది. ఈ తిథి వేళలు ఏ సిద్ధాంతం మీద కట్టినవి, ఎన్ని నిమిషాల దాకా నమ్మవచ్చు అని మొదటి పేజీలో రెండు వాక్యాలు చాలు. ఏటేటా పండుగల వాదంలో సగం అక్కడే తేలిపోతుంది.

ఇంటర్ చదివే పిల్లలకు సైన్, కొసైన్ వస్తాయి. పైన చెప్పిన ఆరు పదాలు ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌తో పావుగంట పని. ఎవరి పుట్టిన రోజుకు వాళ్లు ప్లూటో ఎక్కడుందో కట్టుకోవచ్చు, వాళ్ల తాతల పుట్టిన రోజుకు కూడా. ముందుకు పోయేటప్పుడు మాత్రం 2099 దగ్గర ఆగాలి. ప్లూటో సూర్యుడికి అన్నింటికన్నా దూరం చేరేది 2114లో. టాంబా చూసిన చోటికి అది ఒక చుట్టు పూర్తిచేసుకుని తిరిగి వచ్చేది 2178లో. ఆ రెండు తేదీలకూ ఈ 43 పదాలు చాలవు, కొత్త శ్రేణి కట్టుకోవాలి.